శ్రీమతి ఎలిజబెత్ చోయ్ – ఆసుపత్రి క్యాంటీను నడిపిన నవవధువు

భర్త ప్రాణముల కొరకు యముని వెంట నడిచిన సావిత్రి కథ మన తల్లులందరు ఎరిగినదే. తెల్లవారుజామున రబ్బరు చెట్లు గీచి, సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట పిల్లలను ముందు కూర్చుండబెట్టుకొని వారు చెప్పిన కథలలో అది తప్పక ఉండెడిది. 1943వ సంవత్సరము నవంబరు మాసమున సింగపూరు నగరములో ఒక చీనా యువతి చేతిలో దుప్పటి పట్టుకొని, చెరలో ఉన్న భర్తను చూచుటకై బయలుదేరెను. ఆమె వెళ్లిన భవనమునకు యమపురి అని పేరు పెట్టినను తప్పు లేదు. అందుండి ఆమె వెలుపలికి వచ్చుటకు 193 దినములు పట్టెను. ఆమె పేరు ఎలిజబెత్ చోయ్. సింగపూరు చరిత్రలో పాఠశాల పిల్లలు సైతము ఎరిగిన పేరు అది. కాని చెరసాల కథ తెలిసినవారిలో చాలమందికి దానికి ముందున్న ఆసుపత్రి కథ తెలియదు. ఆమె చెరకు పోవుటకు కారణము ఆయుధము కాదు, రాజకీయము కాదు. రోగులకు చాటుగా చేరిన మందులు, ఆహారము, ఉత్తరములు.

ఎలిజబెత్ 1910వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఉత్తర బోర్నియోలోని కుడాట్ అను చిన్న రేవు పట్టణమున జన్మించెను. అది నేడు మలేషియా దేశపు సబా రాష్ట్రములో కలదు. పుట్టిన నాటి పేరు యోంగ్ సు మోయ్. వారిది హక్కా వంశము, క్రైస్తవ కుటుంబము. పెద్దలు చైనా దేశము విడిచి మిషనరీల వెంట బోర్నియోకు వలస వచ్చి స్థిరపడిన వారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కి వచ్చిన వారి సంతతికి ఈ మాట క్రొత్త కాదు. ఓడ వేరు, భాష వేరు, కాని పుట్టిన ఊరిని విడిచిన బాధ ఒక్కటే. తండ్రి ప్రభుత్వ కొలువులో ఉండెడివాడు. పసితనమున ఆమెను పెంచిన దాది కడజాన్ తెగకు చెందిన స్త్రీ. ఆ ప్రాంతపు వరిచేల నడుమ, ఆ తెగవారి పిల్లలతో కలిసి ఆడుకొనిన బాల్యము ఆమెది. పెద్దయైన తరువాత కూడ ఆమె బోర్నియో గాజులను ప్రీతితో ధరించెడిది. చేతినిండ గాజులు వేసికొను అలవాటు చూచి కొందరు ఆమెను బోర్నియో డయాక్ స్త్రీ అని పరిహాసముగా పిలిచెడివారు. ఆమె దానికి నొచ్చుకొనలేదు; గాజులును మానలేదు.

సండాకాన్ పట్టణములోని సెయింట్ మోనికా పాఠశాలలో వసతిగృహమందుండి చదువుకొనిన తరువాత, 1929లో ఆమె సింగపూరు వచ్చి హోలీ ఇన్‌ఫెంట్ జీసస్ కాన్వెంటులో చేరెను. తెలివైన విద్యార్థిని. కళాశాలకు పోయి ఇంకను చదువవలెనని కోరిక ఉండెను. కాని ఇంతలో తల్లి మరణించెను. తోబుట్టువులు ఆరుగురు. అవి ప్రపంచమంతట వ్యాపారములు కూలిన రోజులు. రబ్బరు ధర పడిపోయి తోటలలో కూలీలను వేలకొలది స్వదేశమునకు తిప్పి పంపిన రోజులు. ఇంటికి పెద్దకుమార్తె సంపాదింపక తీరదాయెను. ఆమె చదువుకు స్వస్తి చెప్పి ఉపాధ్యాయినిగా చేరెను. మొదట సెయింట్ మార్గరెట్ పాఠశాలలో, పిదప సెయింట్ ఆండ్రూస్ పాఠశాలలో. ఈ రెండవది మగపిల్లల పాఠశాల. అచ్చటనే ఆమె జీవితములో అధికభాగము గడచెను. తన జీతముతో తమ్ముళ్లను చెల్లెళ్లను పైకి తెచ్చిన పెద్దకుమార్తెలు మన కుటుంబములలోను ఎందరో కలరు. వారి వివాహములు సాధారణముగ ఆలస్యమగును. ఎలిజబెత్ వివాహమును అట్లే ఆలస్యమయ్యెను.

1941వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన, 30 సంవత్సరముల వయస్సున, ఆమె చోయ్ కున్ హెంగ్ అను యువకుని పెండ్లియాడెను. ఆయన బోర్నియో కంపెనీలో లెక్కలు వ్రాయు ఉద్యోగి. నెమ్మదైన మనిషి. క్రొత్త కాపురము పెట్టిన నాలుగు నెలలకే, డిసెంబరు 8వ తేదీ తెల్లవారకముందే, సింగపూరుపై జపాను విమానములు బాంబులు వేసెను. క్రొత్త కోడలు ఇల్లు సర్దుకొనవలసిన రోజులలో ఆమె వైద్య సహాయక దళములో స్వచ్ఛందముగ చేరి గాయపడిన వారికి కట్లు కట్టు పనిలో ప్రవేశించెను. పగలు పాఠములు చెప్పిన చేతులే ఇప్పుడు నెత్తురు తుడిచినవి. వివాహమై సరిగా ఆరు నెలలు నిండకముందే, 1942 ఫిబ్రవరి 15న, నగరము జపానువారికి లొంగిపోయెను. సింగపూరు పేరు స్యోనాన్ అయ్యెను. గడియారములు సైతము టోక్యో కాలమునకు తిప్పబడెను.

ఆ తరువాతి మూడున్నర సంవత్సరములు ఎట్లు గడచినవో మన వృద్ధులు చెప్పగా విననివారు అరుదు. బియ్యము కరవై కర్రపెండలము తిన్న రోజులవి. క్వినైను దొరకక మలేరియా జ్వరముతో తోటలకు తోటలే మంచమెక్కిన రోజులవి. తోట ఆసుపత్రిలో డ్రస్సరు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన దుస్థితి. వేలాది తమిళ, తెలుగు తోట కార్మికులు సయాము–బర్మా రైలుమార్గమునకు తరలింపబడి, తిరిగి రానివారైరి. నగరములోను వైద్యము అంతంతమాత్రమే. ఔట్రం ప్రాంతమందలి పెద్ద ఆసుపత్రిని జపాను సైన్యము తనకొరకు తీసికొనెను. ప్రజల రోగులు, వారిని చూచు వైద్యులు నగరము వెలుపల ఉన్న మానసిక చికిత్సాలయమునకు తరలింపబడిరి. యుద్ధానంతరము వుడ్‌బ్రిడ్జ్ అని పేరొందిన చికిత్సాలయము అదే. జపానువారు దానిని మియాకో ఆసుపత్రి అనిరి.

ఈ మియాకో ఆసుపత్రిలో చోయ్ దంపతులు ఒక క్యాంటీను తెరచిరి. పాఠశాల ఉద్యోగము పోయినది, కంపెనీ లెక్కల పని పోయినది. బ్రతుకు తెరువునకు ఏదో ఒకటి కావలెను గదా. నగరమునకు దూరముగ ఉన్న ఆ ఆసుపత్రిలో వైద్యులకు, నర్సులకు, రోగులకు, చూడవచ్చిన వారికి తినుటకు త్రాగుటకు ఏదైన దొరకు స్థలము అవసరము. భార్యాభర్తలు కలిసి నడిపిన మొదటి సంసారము నిజమునకు ఆ క్యాంటీనే. క్రొత్త దంపతులకు పొయ్యి రాజేయుటలో, సరకులు సమకూర్చుటలో, నలుగురికి వడ్డించుటలో ఒక ఉత్సాహము ఉండును. యుద్ధకాలమున ఆ ఉత్సాహమునకు ఇల్లు చాలక ఆసుపత్రి దొరికెను. ఆమెకు గృహకార్యములన్న స్వతహాగా ఇష్టము. తరువాతి కాలమున లండనుకు పోయినపుడు ఆమె ప్రత్యేకించి అభ్యసించినది కూడ గృహవిజ్ఞానమే.

చాంగీ చెరసాలలో ఆంగ్లేయ, ఐరోపా పౌరులు, స్త్రీలు, పిల్లలు నిర్బంధములో ఉండిరి. వారిలో జబ్బు ముదిరిన వారిని అంబులెన్సులో మియాకో ఆసుపత్రికి తెచ్చెడివారు. చెరలో ఆహారము చాలక బెరిబెరి, విరేచనములు, పుండ్లు సామాన్యమయ్యెను. విటమినులు, సల్ఫా మాత్రలు ఎచ్చటను దొరకవు. దొరకినను బంగారము ధర. ఆసుపత్రికి వచ్చిన ఖైదీ రోగులు క్యాంటీను వద్దకు రాగలిగిరి. అచ్చట ఈ దంపతులు వారి చేతికి ఆహారముతో పాటు డబ్బు, బట్టలు, మందులు, బంధుమిత్రుల ఉత్తరములు అందించుచు వచ్చిరి. చెరలోని వారు తమవారికి వ్రాసిన చీటీలు తిరిగి వీరి ద్వారానే బయటికి పోయెడివి. గవర్నరు భార్య లేడీ థామస్, ఆంగ్లికన్ బిషప్ లెనార్డ్ విల్సన్ మొదలుగాగల వారికి ఆమె సహాయము అందెను. రేడియో విడిభాగములు కూడ ఈ మార్గముననే లోనికి చేరెను. మందులు పంపుట జపానువారి దృష్టిలో నేరము. రేడియో భాగములు పంపుట మరణదండనకు తగిన నేరము. ఈ రెంటిని దంపతులు ఎరుగకపోలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఆ ఖైదీలు పాలకజాతి వారు. సామాన్య దినములలో వారి క్లబ్బుల గడప ఆసియా జాతులవారు త్రొక్కుటకు వీలు లేదు. అట్టివారికై చీనా దంపతులు ప్రాణమునకు తెగించుట ఎందుకని ప్రశ్నించువారు ఆనాడును ఉండిరి, నేడును కలరు. ఆసుపత్రిలో పనిచేసినవారికి మాత్రము ఆ ప్రశ్న తట్టదు. మంచము మీద పడియున్న వానికి జ్వరమున్నదా లేదా అనునదే వారికి తెలిసిన భేదము. ఎలిజబెత్ తన పనిని గురించి అంతకు మించిన తత్త్వము ఎన్నడును చెప్పలేదు.

1943 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి క్రాయిట్ అను చేపల పడవ మీద ఆస్ట్రేలియా నుండి వచ్చిన కొలదిమంది సైనికులు చిన్న పడవలలో కెప్పెల్ రేవు ప్రవేశించి, ఓడల అడుగున అయస్కాంతపు బాంబులు అంటించి మాయమైరి. తెల్లవారునప్పటికి జపాను ఓడలు ఆరో ఏడో మునుగుటయో దెబ్బతినుటయో జరిగెను. ఈ పని సముద్రముపై నుండి వచ్చిన వారిదని జపానువారికి తోచలేదు. చాంగీ చెరలోని ఖైదీలే రేడియో ద్వారా కబురు పంపి చేయించిరని అనుమానించిరి. అక్టోబరు 10వ తేదీన కెంపెటాయ్ అను సైనిక పోలీసులు చాంగీపై విరుచుకుపడి గది గది సోదా చేసిరి. పదవ నెల పదవ దినము గనుక దీనికి డబుల్ టెన్త్ అని పేరు వచ్చెను. 57 మందిని పట్టుకొని చిత్రహింసలు పెట్టిరి. వారిలో 15 మంది మరణించిరి. ఓడల విషయము వారిలో ఒక్కరికిని తెలియదు. తెలియని దానిని చెప్పుమని కొట్టిన కథ ఇది.

హింసకు తాళలేని వారి నోట క్యాంటీను మాట బయటపడెను. అక్టోబరు 29వ తేదీన చోయ్ కున్ హెంగ్ పట్టుబడెను. భర్త ఏమయ్యెనో తెలియక ఎలిజబెత్ స్వయముగ కెంపెటాయ్ కార్యాలయమునకు పోయి అడిగెను. అట్టివాడు మావద్ద లేడని పంపివేసిరి. భయపడి ఇంట దాగియుండదగిన సమయమున ఆమె వారి గడపకు పోయి తన ముఖము తానే చూపించుకొనుట లోకజ్ఞానము లేకపోవుట అని కొందరు అందురేమో. రెండేళ్ల క్రింద పెండ్లియైన భార్య లోకజ్ఞానముతో నడచుకొనలేదన్నచో ఆశ్చర్యము లేదు. నవంబరు 15వ తేదీన వారే వచ్చి, భర్తను చూడనిత్తుమని పిలిచిరి. చలికి కప్పుకొనుటకు ఆయనకు ఒక దుప్పటి తీసికొని ఆమె వెళ్లెను.

ఆ భవనము స్టాంఫర్డ్ రోడ్డు మీది వై.ఎం.సి.ఏ. యుద్ధమునకు పూర్వము యువకులు ఆటలాడుకొనిన స్థలమును కెంపెటాయ్‌వారు తమ కార్యాలయముగ మార్చుకొనిరి. దాదాపు మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు గల గదిలో ఇరువదిమంది వరకు ఖైదీలు. ఆ గదిలో స్త్రీ ఆమె ఒక్కతే. ఉదయము ఎనిమిది మొదలు రాత్రి పది వరకు మోకాళ్ల మీద కూర్చుండవలెను, మాటలాడరాదు. గది మూలనున్న మరుగుదొడ్డి నీటిగొట్టమే త్రాగుటకు, కడుగుకొనుటకు దిక్కు. రాత్రింబగళ్లు ప్రక్క గదులనుండి కేకలు వినబడెడివి. ఎవరికి ఎంత డబ్బు పంపితివి, ఎవరి తరఫున పనిచేసితివి, ఆంగ్లేయుల పక్షమా అని అడుగుచు కొట్టిరి. ఆమె వస్త్రములు లాగివేసి, కట్టివేసి, భర్తను తెచ్చి ఎదుట నిలిపి, ఆయన చూచుచుండగా ఆమె దేహమునకు విద్యుత్తు తగిలించిరి. ఇంతకంటె ఆ దృశ్యమును వర్ణించుట భావ్యము కాదు. నేరము ఒప్పుకొనుమన్న మాటకు ఆమె లొంగలేదు. రోగులకు తిండి, మందులు ఇచ్చితినని చెప్పుటకు ఆమె జంకలేదు. గూఢచారినని మాత్రము ఒప్పుకొనలేదు. తనకు తన దైవభక్తియే ఆధారమని ఆమె తరువాత చెప్పుకొనెను. ప్రార్థించుటకు మాటలు రానప్పుడు కూడ ఆమె ప్రార్థించెను.

బిషప్ విల్సన్ కూడ కెంపెటాయ్ చేతులలో కొన్ని మాసములు చిత్రహింసలు పడెను. చాంగీ చెరలో ఉన్న స్త్రీలలో కెంపెటాయ్ పట్టుకొనిపోయిన మరియొక వ్యక్తి డాక్టరు సిసిలీ విలియమ్స్. పసిబిడ్డలకు తల్లిపాలు మానిపించి డబ్బా తీపిపాలు పట్టించు కంపెనీల ప్రచారమును 1939లో సింగపూరు రోటరీ క్లబ్బు సభలోనే హత్యతో పోల్చి ఖండించిన ధీరురాలు ఆమె. డబ్బాపాల మోజు తోటలకు కూడ ప్రాకిన కాలమది. ఆ మాట విననివారి ఇండ్లలో ఎందరు పసివారు నేలపాలైరో లెక్క లేదు. బిడ్డల ఆరోగ్యము కొరకు మాటలాడిన వైద్యురాలు, రోగులకు అన్నము పెట్టిన క్యాంటీను ఇల్లాలు – ఇద్దరును ఒకే పోలీసుల చేతిలో పడుట ఆ కాలపు స్వరూపమును తెలుపును.

మరియొక సంగతి మనవారు స్మరింపదగినది. 1943 అక్టోబరు 21వ తేదీన, వై.ఎం.సి.ఏ.కు కూతవేటు దూరములోనున్న కాథే భవనములో నేతాజీ సుభాస్ చంద్రబోసు ఆజాద్ హింద్ ప్రభుత్వమును ప్రకటించెను. మరునాడు వాటర్లూ వీధిలో ఝాన్సీరాణి దళము శిబిరము ప్రారంభమయ్యెను. తోటల ఆడపిల్లలు సైతము మొదటిసారి తుపాకి పట్టి కవాతు చేసిన రోజులవి. మనవారికి అవి గర్వించదగిన రోజులు. ఆ వారములలోనే, ఆ వీధుల సమీపముననే, ఒక చీనా దంపతులు చీకటి గదిలో హింసలు పడుచుండిరి. చరిత్ర ఒకే నగరములో ఒకే నెలలో ఒకరికి ఉత్సవమును, మరొకరికి నరకమును చూపించుట కలదు. ఈ రెంటిలో ఒకటి నిజము, రెండవది అబద్ధము అనుట సాధ్యము కాదు. రెంటిని జ్ఞాపకముంచుకొనుటయే న్యాయము.

1944 మే 26వ తేదీన ఆమెను విడిచిపెట్టిరి. మనిషి చిక్కి శల్యమయ్యెను. భర్త విడుదల కాలేదు; యుద్ధము ముగియువరకు ఆయన చెరలోనే ఉండెను. 1945 సెప్టెంబరులో ఆంగ్లేయ సైన్యములు తిరిగి వచ్చిన తరువాతనే దంపతులు కలిసిరి. పెండ్లియైన నాలుగు సంవత్సరములలో దాదాపు రెండు సంవత్సరములు వారికి ఒకరి ముఖము ఒకరు చూడ యోగము లేకపోయెను; చూచిన ఆ ఒక్కసారియు చూడరాని రీతిని చూచిరి.

1946లో డబుల్ టెన్త్ నిందితుల విచారణ జరిగెను. 21 మంది జపానువారిపై అభియోగము. 8 మందికి మరణశిక్ష. తన్ను హింసించిన వారి పేర్లు చెప్పుమని అధికారులు ఎలిజబెత్‌ను కోరిరి. ఆమె చెప్పలేదు. యుద్ధమే మనుష్యులను అట్లు చేసినదని, యుద్ధము లేకున్న వారును తమ ఇండ్లలో భార్యాబిడ్డలతో ఉండెడివారని ఆమె అభిప్రాయము. బిషప్ విల్సన్ కూడ తన్ను కొట్టినవారిలో ఒకడు పశ్చాత్తాపముతో క్రైస్తవము స్వీకరింపగా, 1947లో స్వహస్తముతో వానిని ఆశీర్వదించెను. క్షమించుట దౌర్బల్యమని తలచువారికి ఈ ఇద్దరి చరిత్ర మింగుడు పడదు. శిక్షింపదగిన వానిని శిక్షింపవలదా అను వాదమును కొట్టివేయుటకును వీలులేదు. 15 మంది ప్రాణములు పోయినవి. కాని దెబ్బలు తిన్నది ఆమె. క్షమించు హక్కు కూడ ఆమెదే.

ఆరోగ్యము కుదుటపడుటకై దంపతులు ఇంగ్లండునకు ఆహ్వానింపబడిరి. 1946లో ఇరువురికి ఓ.బి.ఈ. బిరుదము లభించెను. గర్ల్ గైడ్సు సంస్థవారు తమ కంచు శిలువను, సరావాక్ రాజు తన రాజ్యపు నక్షత్ర బిరుదమును ఆమెకు ఇచ్చిరి. రాణిగారి దర్శనమును లభించెను. సన్మానములు ముగిసిన వెంటనే తిరిగి వచ్చి సుఖముగ కూర్చుండవచ్చును. ఆమె అట్లు చేయక లండనులో గృహవిజ్ఞాన విద్యార్థినిగా చేరెను, అచ్చటి పాఠశాలలో పాఠములు చెప్పెను. డోరా గోర్డిన్ అను శిల్పురాలికి నమూనాగా నిలిచి కొంత సంపాదించెను. ఆ శిల్పములలో ఒకటి ఆమె ప్రశాంత ముఖమును నేటికిని చూపుచున్నది. ముప్పదియైదు దాటిన వయస్సున, చిత్రహింసలు పడిన దేహముతో, పదునెనిమిదేండ్ల పిల్లల ప్రక్కన బల్లమీద కూర్చుండి వంట, పోషణ, గృహనిర్వహణ నేర్చుకొనుట ఆమె స్వభావము. చిన్ననాడు అందని కళాశాల ఆమెకు ఇట్లు అందెను.

1949లో సింగపూరు తిరిగి వచ్చెను. 1950లో నగరసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయెను. 1951లో ప్రభుత్వము ఆమెను శాసనసభకు నియమించెను. స్త్రీలు మిక్కిలి అరుదైన ఆ సభలో ఆమె బీదల పక్షమున, సాంఘిక సంక్షేమము పక్షమున మాటలాడెను. కుటుంబ నియంత్రణను బహిరంగముగ సమర్థించెను. ఆ రోజులలో అది ధైర్యముతో కూడిన పని. సింగపూరులో కుటుంబ నియంత్రణ సంఘము 1949లో పుట్టెను. యుద్ధకాలపు ఆకలిని, ఏటేట కాన్పులతో క్షీణించు తల్లులను కన్నులార చూచిన స్త్రీలు దానిని స్థాపించిరి. మతపెద్దలు ఎదిరించిరి, మగవారు నవ్విరి. పది కాన్పులు, అయిదు మరణములు అను లెక్క తోట లైనులలో ఇంటింట ఉండెడిది. ఆ లెక్క మార్చుటకు మాటలాడిన వారిలో ఈమె ఒకతె. తనకు కడుపు పండలేదు. ముగ్గురు ఆడపిల్లలను దత్తు తీసికొని పెంచెను. బిడ్డల విలువ తెలియక ఆమె ఆ మాటలు చెప్పలేదని దీనిని బట్టి తెలియును.

స్వచ్ఛంద సైన్యపు మహిళా విభాగములోను ఆమె పనిచేసెను. గన్నర్ చోయ్ అని ముద్దుపేరు వచ్చెను. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమునకు సింగపూరు ప్రతినిధులలో ఒకరుగ పోయెను. పిదప అమెరికా, కెనడా దేశములలో పర్యటించి మలయా, సింగపూరుల గురించి ఉపన్యాసములు చేసెను. చీనా పట్టు దుస్తులు, పెద్ద చెవికమ్మలు, చేతినిండ గాజులు – ఎచ్చటకు పోయినను ఆమె వేషము ఆమెదే.

సభలు, పదవులు ఎన్ని ఉన్నను, ఆమె చేసిన పనులలో మిక్కిలి మెచ్చుకొనదగినది 1956లో ప్రారంభమయ్యెను. సింగపూరు అంధుల సంఘము 1951లో ఏర్పడెను. ఆ సంఘము పిల్లలకొరకు 1956లో అంధుల పాఠశాల తెరచినపుడు దాని మొదటి ప్రధానోపాధ్యాయిని ఎలిజబెత్ చోయ్. అంతకు పూర్వము చూపులేని బిడ్డ ఇంటి మూల కూర్చుండవలసినదే. లేదా వీధిలో చేయి చాపవలసినదే. పూర్వజన్మ పాపమని సరిపెట్టుకొను తల్లిదండ్రులు ఏ జాతిలోనైనను కలరు. పాఠశాలకు పంపినచో ఏమి లాభమని అడుగువారిని ఒప్పించుట పాఠము చెప్పుటకంటె కష్టము. బ్రెయిలీ లిపిలో ఒక్కొక్క అక్షరము ఆరు చుక్కల కూర్పు. వ్రేలికొన ఆ చుక్కలను గుర్తుపట్టుటకు నెలలు పట్టును. గుర్తుపట్టిన దినమున ఆ బిడ్డకు ప్రపంచము తెరచుకొనును. కాగితముమీది చదువుతో పాటు ఒంటరిగ నడచుట, బట్టలు మడచుట, తమ పని తాము చేసికొనుట నేర్పవలెను. చీకటి గదిలో ఇతరుల దయపై ఆధారపడి 193 దినములు ఉండిన స్త్రీకి, చీకటిలో ఉన్న బిడ్డకు స్వతంత్రత ఎంత అవసరమో వేరుగ చెప్పవలసిన పని లేదు. నాలుగు సంవత్సరములు, 1960 వరకు, ఆమె ఆ బాధ్యత వహించెను.

తరువాత మరల సెయింట్ ఆండ్రూస్ పాఠశాలకు చేరి 1974లో పదవీ విరమణ చేయువరకు అచ్చటనే పనిచేసెను. ఉప ప్రధానోపాధ్యాయినిగా కూడ ఉండెను. ఆమె వద్ద చదివిన మగపిల్లలు ఎందరో పెద్ద ఉద్యోగములలో ప్రవేశించిరి. తాను చెరలో ఉండిన సంగతి ఆమె పాఠశాలలలో అడిగినపుడు చెప్పెడిది. అడుగకున్న తనంతట తాను ప్రస్తావించుట తక్కువ. చెప్పినపుడును జపాను జాతిపై ద్వేషము రేకెత్తునట్లు చెప్పలేదు.

చోయ్ కున్ హెంగ్ 1985లో పరమపదించెను. ఈయనను గురించి వ్రాసినవారు తక్కువ. భార్యకంటె ముందుగ చెరకు పోయి, భార్యకంటె పదునైదు నెలలు ఎక్కువ చెరలో ఉండి, భార్యకు వచ్చిన కీర్తిలో నీడవలె నిలిచిన మనిషి. ఆసుపత్రి క్యాంటీనులో సగము శ్రమ ఆయనదే గదా. వివాహమైన నాడు ప్రారంభమైన ఆ భాగస్వామ్యము 44 సంవత్సరములు సాగెను.

ఎలిజబెత్ చోయ్ 2006వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన, 95 సంవత్సరముల నిండు వయస్సున మరణించెను. స్టాంఫర్డ్ రోడ్డులోని పాత వై.ఎం.సి.ఏ. భవనమును 1981లోనే పడగొట్టిరి. ఆ స్థలములో క్రొత్త భవనము లేచెను. ఆ దారిని పోవువారు ఆగి చదువుటకు ఒక స్మారక ఫలకము కలదు. ఆమె మొదటి ప్రధానోపాధ్యాయినిగా ఉండిన అంధుల పాఠశాల టోఆ పాయో రైజ్ వీధిలో నేడు లైట్‌హౌస్ పాఠశాల అను పేరుతో నడచుచున్నది.